చిన్న సైజు పట్టీ

కంపెనీ డాక్టరు గదిలోకి అడుగుపెట్టినప్పుడు అతని దగ్గరున్న సరుకు మూడే: టోకెను, తుడిచే పనిలో పదకొండేళ్ళ సర్వీసు, ఒక కుడి భుజం నొప్పి. బదులుగా రాబట్టాల్సింది 'పనివల్లే' అన్న ఒక్క మాట. అది కాగితం మీద పడితేనే మందులూ, భుజానికి పట్టీ ఇస్తారు.

ఆ టోకెను అతనికి ఎడమ చేత్తో అందించి, భార్య బయట బెంచీ మీద కూర్చుంది. ఆమెదీ అదే పని, అదే ఆఫీసు భవనం. చెరో రెండంతస్తులు.

"చెప్పు. ఎక్కడ?" అన్నాడు డాక్టరు.

అతను పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. తడిగుడ్డ పిండితే మెడదాకా లాగుతుంది. అద్దాలు తుడవబోతే చెయ్యి భుజం దాటి లేవదు. ఆ పక్కకి తిరిగి పడుకోక నాలుగు నెలలైంది.

డాక్టరు తలూపుతూ రాసుకున్నాడు.

"మగాళ్ళతో ఇదే హాయి. ఊరికే రారు. ఆడవాళ్ళయితే ఇంట్లో బట్టలు పిండి, పిల్లల్ని మోసి, ఆ నొప్పి తెచ్చి కంపెనీ నెత్తిన రుద్దుతారు. నేను ఊరుకుంటానా? 'ఇంటిపని వల్ల' అని రాసి పంపేస్తా."

అతను తలుపు వైపోసారి చూశాడు.

"పట్టీ చిన్న సైజు ఇప్పించండి."

"నీ ఒంటికా? ఊపిరాడదయ్యా."

"బిగుతుగా ఉంటేనే పట్టు దొరుకుతుందండీ."

"నీ ఇష్టం. మూడు నెలలు కూర్చునే పని కూడా రాస్తున్నా. బకెట్టు ముట్టుకోకు."

"అంతొద్దండీ. మందులూ పట్టీ చాలు."

"మొహమాటపడకు. ఇంటికి పెద్దదిక్కువి."

ఆఫీసు భవనంలో సూపర్‌వైజరు కాగితం చదివి, గేటు దగ్గర కూర్చుని తాళాలిచ్చే బల్ల చూపించాడు.

"మరి నా రెండంతస్తులు?"

"మీ ఆవిడ లేదూ?"

"తనెక్కడ చేస్తుందండీ. నేనే తుడుచుకుంటా."

"డాక్టరు రాశాక నువ్వు బకెట్టు పడితే అది నా మెడకు చుట్టుకుంటుంది. కాగితం లేనివాళ్ళంతా నా లెక్కలో గట్టివాళ్ళే. కూర్చో."

మొత్తం మీద గిట్టుబాటైంది ఇదీ: అతనికి మూడు నెలల కుర్చీ; ఆ నొప్పిని నాలుగు నెలలు తన భుజాన మోసి, పొల్లుపోకుండా అతనికి నేర్పి లోపలికి పంపిన భార్యకు సరిగ్గా సరిపోయిన చిన్న సైజు పట్టీ, ఇంకో రెండంతస్తులు.