గోడ అవతలి కేక

జ్ఞానప్రకాశానికి ఇరవై రెండేళ్ళుగా ఒక అనుమానం. ఆ రోజు ఎర్ర సిగ్నల్ ముందు తవిటయ్య బ్రేకు వేసింది తన కేక వినేనా, లేక ఆయనంతట ఆయనే చూసేనా?

అప్పట్లో తవిటయ్య రైలు డ్రైవరు, ప్రకాశం అసిస్టెంటు. ఇంజన్లో ఒకరు సిగ్నల్ చూసి పైకి చెప్పాలి. రెండోవారు తన కళ్ళతో చూసి తిరిగి చెప్పాలి. చూడకుండా పలకడం తప్పు. ఆ రోజు మొదటి కేకకి జవాబు రాలేదు. ప్రకాశం రెండోసారి అరిచాడు. బండి ఆగింది. ఆ సంగతి తవిటయ్య మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

ఇప్పుడు ఇద్దరూ రిటైరయ్యారు. తాల్‌బగీచా అనే పేటలో ఒకే గోడకి అటొకరు, ఇటొకరు. ఇద్దరి భార్యలూ పోయారు.

ప్రకాశానికి ఫోనే తోడు. పెన్షనర్ల గ్రూపు, చర్చి గ్రూపు, చుట్టాల గ్రూపు. తెల్లారేసరికి రెండు వందల మెసేజీలు. మోకాళ్ళకి మెంతులు, పెన్షన్ పెంపు, ఎవరో పోయిన కబురు. ప్రార్థనకి కళ్ళు మూసుకుంటే సగంలోనే వేలు ఫోను మీదికి పోతుంది. సగం ప్రార్థన దేవుడికి చేరుతుందా అని అడగడానికి ఇంట్లో మనిషి లేదు.

ఆ ధ్యాసలోనే రెండుసార్లు పాలగిన్నె మాడి ఇల్లంతా పొగ కమ్మింది. ఇంకోసారి ఇలా జరిగితే ఇంటికి తాళం వేసి జంషెడ్‌పూర్ తీసుకుపోతానని కూతురు జెనీ గట్టిగా చెప్పింది. వెళ్తే ఆదివారాలు భార్య సరోజమ్మ సమాధి దగ్గర కూర్చోవడం ఉండదు.

ఆ వారమే తవిటయ్య గోడ దగ్గరికి వచ్చాడు.

"ఒరే ప్రకాశం, నాకు ఏటీ గురుతుండట్లేదురా. పొయ్యి కట్టీసినప్పుడల్లా కేకేస్తాను. నువ్వు తిరిగి సెప్పు."

"సిగ్నల్ లాగానా అన్నా?"

"మరేటి. సూడకుండా సెప్పకు."

పాపం, పెద్దాయనకి మతి జారుతోందని ప్రకాశం జాలిపడ్డాడు.

రోజూ పొద్దున్న ఎనిమిదింటికి, మళ్ళీ సాయంత్రం ఏడింటికి గోడ అవతలి నుంచి "గ్యాస్ బంద్" అని వినబడేది. తవిటయ్య పొయ్యి ఇక్కణ్ణించి కనబడదు. అందుకని ప్రకాశం పాత అలవాటు కొద్దీ ఫోను పక్కన పెట్టి, తన పొయ్యి వైపే చూసి, "గ్యాస్ బంద్" అని జవాబిచ్చేవాడు. ఒక్కోసారి అది వెలుగుతూ ఉండేది. కట్టేసి మరీ పలికేవాడు. కొన్ని రోజుల్లో ప్రకాశం నోటి నుంచి వచ్చే మాటలు ఆ రెండే.

ఏడు నెలలు గడిచాయి. ఒకరోజు తొమ్మిదైనా కేక రాలేదు. ప్రకాశం ఆదరాబాదరా వెళ్ళాడు. తవిటయ్య ముందుగదిలో జ్వరంతో మూలుగుతున్నాడు.

"ఈపొద్దు గొంతు రానేదురా," అన్నాడు. "ఆపొద్దు నువ్వు రెండోసారి కూడా అరిసినావు. నాను ఒక్కసారీ అరవలేకపోనాను. పొయ్యి సూసినావా?"

ఇంత జ్వరంలోనూ పొయ్యి బెంగే అనుకున్నాడు ప్రకాశం.

"ఉండన్నా, సూసొస్తాను," అని, ముప్పై ఏళ్ళ స్నేహంలో ఎన్నడూ అడుగుపెట్టని ఆ వంటగదిలోకి వెళ్ళాడు.

అక్కడ ఒక కరెంటు కెటిలూ, చిట్టెమ్మ మెస్ నుంచి వచ్చే క్యారేజీ గిన్నెలూ తప్ప, పొయ్యి గానీ సిలిండరు గానీ లేవు.