రిబ్బను కట్టిన బ్రష్

"ఒప్పుకున్నారు!"

ఫోను పెట్టేసి వెరెనా వంటింట్లోకి పరుగెత్తింది. కాఫీ కలుపుతున్న లోరెంట్స్‌ను వెనక నుంచి వాటేసుకుంది. పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. పెళ్ళయిన ఈ మూడు వారాల్లో ఆ ఇంట్లో పాలు పొంగిపోని రోజు లేదు.

"ఎవరు ఒప్పుకున్నారు? దేనికి?"

"వీధి కమిటీవాళ్ళు! రేపు రాళ్ళు తోమే కార్యక్రమం మన గుమ్మం ముందే మొదలుపెడతారట. ఆలోచన నాదేనని మైకులో చెబుతారట కూడా!"

వియన్నాలో ఆ వీధి పొడుగునా కాలిబాటలో ఇత్తడి పలకలు పొదిగిన రాళ్ళున్నాయి. ఏ ఇంట్లోంచి నాజీలు యూదుల్ని తీసుకుపోయారో ఆ ఇంటి ముందు వాళ్ళ పేరుతో ఒక రాయి. వీళ్ళ గుమ్మం ముందున్న రాయి వానకీ బురదకీ నల్లబడిపోయింది. వంగి చూస్తే గానీ అక్షరాలు కనబడవు.

'రెజీనా పొల్లాక్ ఈ ఇంట్లో ఉండేది. 1942లో తీసుకుపోయి చంపేశారు.'

"కడగడానికి మనిషిని పెడితే సరిపోదా? పెళ్ళయి నెల తిరక్కుండానే నా చేత వీధి తోమిస్తావా?" అన్నాడు లోరెంట్స్.

"అసలు సంగతి అదేగా!" వెరెనా మొహంలో నవ్వు పోయింది. "నాజీలు ఊళ్ళోకి వచ్చిన 1938 వసంతంలో యూదుల్ని మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, బ్రష్‌లిచ్చి, ఈ వీధులే తోమించారు. మన తాతలూ అమ్మమ్మలూ చుట్టూ నిలబడి నవ్వారు. ఇప్పుడు మోకాళ్ళ మీద కూర్చోవలసింది మనం."

లోరెంట్స్ పొయ్యి తుడిచాడు.

"ఒక్కటే షరతు. భవనంలో ప్రతి వాటా నుంచీ ఒకరు రావాలి. ఒక్క వాటా తగ్గినా ఈ అవకాశం పక్క భవనానికి ఇచ్చేస్తారు," అంది వెరెనా.

సాయంత్రానికల్లా వాటాకొకటి చొప్పున కొత్త బ్రష్‌లు వచ్చాయి. పెళ్ళిలో మిగిలిన తెల్ల రిబ్బను వాటికి కట్టింది వెరెనా. లోరెంట్స్ కట్టినవాటికి ముడులు వంకరగా వచ్చాయని నవ్వింది. ఇద్దరూ పై అంతస్తు నుంచి తలుపులు కొట్టుకుంటూ వచ్చారు.

"నేను కూర్చోవడమంటూ జరిగితే నన్ను లేపడానికి క్రేను తెప్పించాలి," అన్నాడు రెండో అంతస్తులో ఉండే నెమెట్స్. అయినా బ్రష్ తీసుకున్నాడు. అందరూ తీసుకున్నారు.

ఇక మిగిలింది కింది వాటా హోలుబ్ గారు. ట్రామ్ నడిపిన హోలుబ్ భార్య. భర్త పోయాక ఒంటరిగా ఉంటోంది. ఎదురైతే తల ఊపడం తప్ప ఎవరితోనూ రెండు మాటలు మాట్లాడదు.

"ఇదేమిటమ్మాయ్?" అన్నది ఆవిడ, వెరెనా చాచిన బ్రష్ చూసి.

"మీకే, హోలుబ్ గారూ! రేపు తొమ్మిదింటికి అందరం మోకాళ్ళ మీద కూర్చుని ఆ రాయి తోముతున్నాం."

ముసలావిడ రిబ్బను వంక చూసింది. చెయ్యి చాపలేదు.

"నేను కూర్చోను."

"మోకాళ్ళ నొప్పులా? దిండు తెస్తాలెండి."

"నొప్పులేం లేవు."

"అవును, మొన్న పెరట్లో మోకాళ్ళ మీద కూర్చునే మొక్కలు నాటారుగా?"

"అవి నా మొక్కలు."

"అంటే, ఆ రాయి మీద పేరున్న మనిషి మీకేమీ కాదు. అంతేనా?"



పై అంతస్తుల తలుపులు తెరుచుకుని జనం మెట్ల మీదికి వచ్చారు. నెమెట్స్ కమ్మీ మీదుగా తొంగి చూసి, "ఒక్క పావుగంట వంగితే అరిగిపోతామా తల్లీ? నేనే వస్తున్నాను!" అన్నాడు.

లోరెంట్స్ భార్య మోచెయ్యి పట్టుకున్నాడు. "వెరెనా, పద."

"ఎందుకు రావాలి?" చెయ్యి విదిలించుకుంది. "డెబ్బై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఇదే పాట! ఎవర్నడిగినా నేను చూడలేదు, నాకు తెలియదు, నేనప్పటికి చిన్నదాన్ని! చచ్చిపోయిన మనిషి కోసం ఒక్కసారి నడుం వంచమంటే మాత్రం ఒళ్ళు బరువు!"

"చిన్నదాన్నే," అన్నది హోలుబ్. "కానీ చూశాను."

"చూశారా! చూసి కూడా ఇలా మాట్లాడుతున్నారా? సిగ్గనిపించడం లేదూ? ఏ కిటికీలోంచి చూశారు? మీరూ నవ్వారా?"



హోలుబ్ మొహంలో మొదటిసారి కోపం కనిపించింది. గొంతు మాత్రం పెరగలేదు.

"కిటికీలోంచి కాదు."

"మరెక్కణ్ణుంచి?"

"కింద నుంచి. అక్కణ్ణుంచి చూస్తే బూట్లే కనిపిస్తాయమ్మాయ్. మొహాలు కనిపించవు. నవ్వులు మాత్రం వినిపిస్తాయి."

బ్రష్‌తో ఇంకా చాచి ఉంచిన చేతిని ఏం చేసుకోవాలో తెలియక వెరెనా అలాగే నిలబడిపోయింది.

"మీ కమిటీవాళ్ళకి చెప్పు, ఈ వాటా నుంచి కూడా ఒకరు వస్తారని," అన్నది హోలుబ్. తలుపు మీద చెయ్యి వేసి, మెట్ల మీద ఉన్నవాళ్ళందరినీ ఒక్కొక్కరినే చూసింది. "రేపు తొమ్మిదింటికి వస్తాను. ఆ రాయి పక్కన నిలబడతాను. మీరంతా ఏమనుకున్నా నిలబడే ఉంటాను. రెజీనా పొల్లాక్ కూతురు ఈ వీధిలో మోకాళ్ళ మీద కూర్చోవడం ఆ ఒక్కసారితోనే అయిపోయింది."