పీత నడక

గతుకుల నేల మీద నడిచే ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు మా బావ. దానికో మీట ఉంది. ఇటు వేస్తే స్టీరింగ్‌తో ముందు చక్రాలే తిరుగుతాయి. అటు వేస్తే నాలుగూ ఒకే వైపు తిరిగి, బండి పీతలా పక్కకి పాకుతుంది.

అదే సైట్లో పనిచేసే నేను, బావ టీకి దిగినప్పుడల్లా మీట మార్చేసేవాణ్ణి. ఎక్కి స్టీరింగ్ తిప్పగానే "ఒరేయ్ బామ్మర్దీ, నీ చేతులు పడిపోనూ!" అని అరిచేవాడు. రానురాను ఎక్కగానే చూడకుండా మీట తిప్పేయడం అలవాటు చేసుకున్నాడు.

నిన్న అక్క నా చేత ఒట్టేయించుకుంది. "పునాది గుంట పక్కన పనిరా. నీ కోతి వేషాలు కట్టిపెట్టు."

ఇవాళ మీట జోలికి పోలేదు. బావ టీ తాగొచ్చి బండెక్కాడు.

"నీ పప్పులు ఉడకవురోయ్" అని నాకు కన్నుకొట్టి మీట తిప్పేశాడు. గుంటకి దూరంగా వెనక్కి తీద్దామని స్టీరింగ్ తిప్పాడు. నేను అరిచేలోపే బండి గుంటవైపు పాకి ఒరిగిపోయింది.

ఆసుపత్రి వరండాలో అక్క నా చొక్కా పట్టుకుంది. "నిజం చెప్పు. ఇవాళ కూడా మార్చావా?"

"నీమీదొట్టు అక్కా, ముట్టుకోలేదు."

అక్క నమ్మింది. నా భుజం మీద వాలి ఏడ్చింది. మానేసిన సంగతి బావకి చెప్పావా అని మాత్రం అడగలేదు.