పాతదే ఉండనీ

వనపర్తి కాలేజీ ల్యాబులో పొద్దుటి నుంచి కంప్యూటర్లలో సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు అప్‌డేట్ చేసీ చేసీ రెబెకా కళ్లు మండుతున్నాయి. చివరి కంప్యూటర్లో అప్‌డేట్ సగంలో ఆగి, నల్లటి తెర మీద ఒక ప్రశ్న వచ్చింది: ఈ ఫైలును ఎవరో మార్చారు, పాతదే ఉంచాలా, కొత్తది పెట్టాలా?

"ఎవరో ఏంది, మా ఆయనే. దేన్నీ ఉన్నట్టు ఉండనియ్యడు," అని విసుక్కుంది.

ల్యాబ్ ఇన్‌చార్జి శ్రీశైలం బ్యాగు భుజానికి తగిలించుకున్నాడు. "కొత్తది పెట్టమ్మా. అన్నిట్ల గదే పెట్టినం గద. జర జల్ది కానీ, బస్సు పోతది."

ఆమె వేలు కీబోర్డు మీద ఆగింది. ఏ అక్షరమూ కొట్టకుండా ఎంటర్ నొక్కింది. అలా నొక్కితే పాతదే ఉంటుంది.

"గట్లెందుకు చేసినవ్?"

"దీని మీదనే నాకు నేర్పిచ్చిండు సార్. పాతదే ఉండనీ."

అప్‌డేట్ పూర్తయింది. ఆ నల్లటి తెర మళ్లీ తెరవగానే, ఆ ఫైల్లో ఆయన ఇంగ్లీషు అక్షరాల్లో రాసిపెట్టిన తెలుగు మాట కనిపించింది: 'వందనాలు రెబెకా, తిన్నవా?'

"ఇంకా తినలే," అంది రెబెకా, తెర వైపే చూస్తూ.

శ్రీశైలం భుజం మీది బ్యాగు తీసి బల్ల మీద పెట్టాడు. భర్త చనిపోయి, ఆయన ఉద్యోగంలోకి ఆమె వచ్చినప్పటి నుంచి, తిన్నవా అని అడుగుతున్నది ఆ కంప్యూటరు ఒక్కటే.