గోడ మీద గీత

"పక్కకు జరుగు పాపా! నీకు గోడలు ముద్దేమో, మాకు నీళ్ళు ముద్దు."

దేవకమ్మ ఖాళీ బిందెను దబ్బున నేలమీద పెట్టింది. ఆమె వెనక కొండకింద వీధి ఆడవాళ్ళంతా నిలబడి ఉన్నారు. ముందు జేసీబీ గుర్రుమంటోంది. దానికి అడ్డంగా, తెల్లదొరల కాలంలో భూమిలోకి కట్టిన నీళ్ళతొట్టి తలుపుకు వీపు ఆనించి నిలబడింది రాజశ్రీ. పాత కట్టడాలను బాగుచేసే ఆర్కిటెక్టు ఆమె. కూల్చేస్తున్నారని తెలిసి తిరుపతి నుంచి పరుగున వచ్చింది.

"కొత్త ట్యాంకు ఈడనే కట్టాల మేడమ్. ఊర్లో ఇంకో తావు లేదు," అన్నాడు కాంట్రాక్టరు మునిశేఖర్.

"అది లేచేసరికి రెండు ఎండాకాలాలు పోతాయి. దీన్ని బాగుచేస్తే ఈ వేసవికే నీళ్ళు నింపుకోవచ్చు."

"దీంట్లోనా? పోసింది పోసినట్టే భూమిలోకి దిగిపోతాది!"

"దిగదు. డంగుసున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్ళు కలిపి పూసిన గోడలివి. కావాలంటే ఒక ట్యాంకరు పోసి చూద్దాం."

దేవకమ్మ కళ్ళు ఎర్రబడ్డాయి. "మా నోటికాడి నీళ్ళు దీంట్లో పోయమంటావా? మా వీధికొచ్చేదే ఒక ట్యాంకరు. అదీ రోజు మార్చి రోజు."

రాజశ్రీ బిందెల వైపు చూసింది. గొంతు తగ్గించింది.

"అడగకూడదక్కా, నాకు తెలుసు. కానీ ఒకసారి కూలిస్తే ఇట్లాంటిది మళ్ళీ కట్టేవాళ్ళు లేరు. నీళ్ళు నిలిస్తే రేపు అవి మీ బిందెల్లోకే వస్తాయి. తగ్గితే నేనే జేసీబీకి దారి వదిలి పోతాను."

దేవకమ్మ రాజశ్రీని పక్కకు తోసి లోపలికి వంగి చూసింది. రాతి మెట్లు, తలపైన ఇటుకల కమాను. బయట ఎండ పెళపెళలాడుతోంది. లోపల గోడమీద అరచెయ్యి పెడితే కుండను తాకినట్టు చల్లగా ఉంది. ఆమె చేతిని చాలాసేపు అట్లాగే ఉంచింది.

"నీళ్ళు తగ్గితే మాత్రం ఇంకోసారి ఈ పక్క అడుగు పెట్టకూడదు నువ్వు," అంటూ బయటికొచ్చి కొంగు నడుముకు దోపింది.

ఆ రోజంతా ఆడవాళ్ళు గంపలతో లోపలి పూడిక మోశారు. మునిశేఖర్ సణుగుతూనే, ఆ మట్టిని జేసీబీతో దూరంగా పోయించాడు. సాయంత్రం ట్యాంకరు వచ్చింది. నీళ్ళన్నీ తొట్టిలోకి పోశారు. మోకాలి లోతు వచ్చాయి. దేవకమ్మ నీటి అంచున రాయితో గోడమీద గీత గీసింది. తలుపుకు తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది.

"నిన్నూ నమ్మను, ఈ శేఖర్‌నీ నమ్మను," అంది.

తెల్లవారేసరికి వీధి వీధంతా అక్కడే ఉంది. దేవకమ్మ తాళం తీసి, సెల్‌ఫోన్ లైటు వేసుకుని ఒక్కతే లోపలికి దిగింది.

లోపల లైటు గోడల మీద అటూ ఇటూ తిరిగింది.

"అక్కా, గీత కనిపించిందా?" తలుపు దగ్గర నుంచి అడిగింది రాజశ్రీ.

"లేదు."

"సరిగ్గా చూడక్కా."

"సూస్తానే ఉండాను. గోడమీద యాడా గీత లేదు."

"నీళ్ళతోపాటు గీత కూడా దిగిపోయినట్టుండాది," నవ్వాడు మునిశేఖర్. గుంపులో ఎవరో ముక్కు చీదారు. ఈరోజు వంటకు నీళ్ళు లేవని ఇంకెవరో గొణిగారు. ఆ మాట రాజశ్రీకి గుచ్చుకుంది. గీతే చెరిగిపోతే నీళ్ళు తగ్గలేదని చూపడానికి ఇంకేమీ లేదు. ఎవరి ముఖమూ చూడలేక బ్యాగు భుజాన వేసుకుని, ఇచ్చిన మాట ప్రకారం తలుపు ముందు నుంచి పక్కకు జరిగింది. మునిశేఖర్ బండిని దగ్గరికి తెమ్మని డ్రైవరుకు చెయ్యి ఊపాడు. జేసీబీ కదిలింది.

"ఆపరా బండి!"

దేవకమ్మ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. ఆమె చీర నడుము దాకా తడిసి ఉంది. రాజశ్రీ రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది.

"యాడికి పోతాండావు పాపా? గీత దొరికింది! మోచేతి లోతు నీళ్ళ కింద ఉండాది. పూడిక తీసిన మూల నుంచి కొండ ఊట ఎగదన్నతా ఉండాది!"