చేటెడు తవుడు

మూడో వీధి కూడా ఉరుకుందమ్మకు నచ్చలేదు.

"ఏమ్మే, మిద్దె కొంటాండామా ఏమన్నా? యాడో ఒగ చోట కానీ. కాళ్ళు పీకుతాండాయి" అన్నాడు మొగుడు హనుమన్న.

"నీ కాళ్ళకేం? పిల్లోళ్ళు పెరగాల్సిన చోటు. చూసుకోవద్దా?"

హనుమన్న కాళ్ళీడ్చుకుంటూ ఆమె వెంట నడిచాడు. అతని భుజం మీద ఏడాదిన్నర కొడుకు. ఆమె వేలు పట్టుకుని నాలుగేళ్ళ కూతురు హులిగెమ్మ. నెత్తిన ఒక మూట. సంసారమంతా అంతే. ఆదోని పక్క పల్లె నుంచి ఎనిమిది రోజులు నడిచి కోయిలకుంట్ల చేరారు. అది యాభై రెండో సంవత్సరం. పడమటి పల్లెల్లో వరుసగా మూడో ఏడు వాన లేదు. ఎద్దులు పోయాయి, విత్తనాల గింజలు కూడా పొయ్యి మీదికి ఎక్కాయి. జనం దేశాలు పట్టి పోతున్నారు.

అలా వచ్చినవాళ్ళు తల దాచుకోను ఇంత నీడ దొరికితే చాలనుకుంటారు. ఈ మహాతల్లికి మాత్రం ఎక్కడలేని ఎంపిక. మొదటి వీధిలో బావి నీళ్ళు నోట్లో పోసుకుని, ఉప్పని ఉమ్మేసింది. రెండో వీధిలో ఆడుకుంటున్న పిల్లల కాళ్ళూ చేతులూ చూసింది. గజ్జి కనిపించగానే వెనక్కి తిరిగింది. మూడో వీధిలో ఒకావిడ మారుబువ్వ అడిగిన కొడుకుని చీపురుతో కొట్టింది. ఆ వీధికీ దండం పెట్టేసింది.

నాలుగోది బండ్లవాళ్ళ వీధి. పొద్దు వాలుతుంటే ఏ ఇంట్లో పొయ్యి రాజుకుంటుందో చూస్తూ నడిచింది ఉరుకుందమ్మ. ఒక ఇంటి ముందు ఒకామె గేదె తొట్టిలో తెల్లటి గంజి పోస్తోంది. ఉరుకుందమ్మ కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. తన ఊళ్ళో ఆ గంజి కోసం మనుషులు ముంతలు పట్టుకుని వరసలో నిలబడుతున్నారు.

గంజి పోస్తున్నామె వెంకటేశ్వరమ్మ. మొగుడు బొజ్జన్న బాడుగ బండి తోలుతాడు. రెండు పాడిగేదెలున్నాయి. పిల్లలు లేరు.

"ఈ వీధి మంచిదేనా అక్కా? పిల్లోళ్ళకు?" అని అడిగింది ఉరుకుందమ్మ.

"మంచిదే. నీళ్ళు తియ్యగుంటాయి. బడి ఆ మలుపులోనే ఉండాది. యా ఊరోళ్ళు మీరు?"

"పడమటోళ్ళం."

వెంకటేశ్వరమ్మకు ఆ మాట చాలింది. లోపలికి పోయి రెండు గిన్నెల్లో మజ్జిగన్నం కలిపి తెచ్చింది. పిల్లలు తింటుంటే పక్కనే కూర్చుని, చిన్నవాడి మూతి తన కొంగుతో తుడిచింది. ఉరుకుందమ్మ ఆ కొంగు వైపే చూస్తూ ఉండిపోయింది.

"ఇంగ యాడికీ వద్దు. ఈడనే" అంది మొగుడితో.

కొట్టంలో చోటిచ్చారు. నాలుగు రోజులు గడిచాయి. హనుమన్న పని వెతుక్కోలేదు. పొద్దస్తమానం కొడుకుని భుజాన వేసుకుని, కూతుర్ని వెంటబెట్టుకుని వీధులు తిరిగాడు. బొజ్జన్నకు ఒళ్ళు మండింది. ఇదేం మగాడు, పెళ్ళాం బిడ్డల్ని ఎట్లా సాకుతాడు అనుకున్నాడు.

ఐదో రోజు ఉరుకుందమ్మ వచ్చి వెంకటేశ్వరమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది.

"అక్కా, వీళ్ళకు ముందు నాకు ఇద్దరు పుట్టి పోయినారు. వీళ్ళన్నా నిలబడాల. నువ్వు తవుడుకు కొనుక్కో అక్కా."

అది ఆ సీమలో ఉన్న ఆనవాయితీయే. పిల్లలు దక్కని తల్లి, తరువాత పుట్టినవాళ్ళను చేటెడు తవుడుకు ఎవరికో అమ్ముతుంది. పేరుకే అమ్మకం. అమ్ముడుపోయిన బిడ్డ మీద చావు కన్ను పడదని నమ్మకం. మొక్కు తీర్చుకుని, కొత్త గుడ్డా బెల్లమూ ఇచ్చి మళ్ళీ కొనుక్కుంటారు.

"మీ ఊళ్ళోనే అమ్మకపోయినావా?" అంది వెంకటేశ్వరమ్మ.

"మా ఊళ్ళో తవుడు యాడుండాది? మనుషులే తినేసినారు."

గడప మీద పిల్లల్ని కూర్చోబెట్టారు. వెంకటేశ్వరమ్మ చేట నిండా తవుడు తెచ్చింది. ఉరుకుందమ్మ మూడుసార్లు "అమ్మినా" అంది. వెంకటేశ్వరమ్మ మూడుసార్లు "కొన్నా" అంది. ఉత్తుత్తి కొనుగోలే అని తెలిసినా ఇద్దర్నీ దగ్గరికి లాక్కుంది.

ఆ తవుడు ఆవుకు పెట్టాలి. ఉరుకుందమ్మ దాన్ని గట్టిగా మూట కట్టుకుంది.

"దావలో ఏ ఆవుకన్నా పెడతాలే. మహానందికి పోయి కోనేట్లో మునిగి, వారానికి వస్తాం. అంతదాకా తల్లివి నువ్వే" అంది. నాలుగడుగులు వేసి మళ్ళీ వెనక్కి వచ్చింది. "చిన్నోణ్ణి ఎడమ పక్కన పండబెట్టుకో, అప్పుడే నిద్రపోతాడు. పాప నోరు తెరిచి అడగదక్కా. ఆకలైతే గోడకానుకొని కూర్చుంటాది. నువ్వే చూసుకోవాల."

హనుమన్న అప్పటికే వీధి మలుపులో అటు తిరిగి నిలబడి ఉన్నాడు.

వారం దాటింది. తొమ్మిదో రోజు కూడా వెంకటేశ్వరమ్మ పిల్లలకు తలంట్లు పోసి, ఇద్దర్నీ ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. వాళ్ళు ఇంకో నాలుగు రోజులు ఆలస్యంగా వస్తే బాగుండు అనిపించింది. అంతలోనే పాపిష్టి మనసని తనను తానే తిట్టుకుంది.

ముంత పట్టుకుని ఒక పడమటి మనిషి గంజి అడగడానికి వచ్చాడు. పేరు సుంకన్న. ఒళ్ళోని పాపను చూసి ఆగాడు.

"హులిగీ, నువ్వు ఈడుండావేమే? మీ అమ్మా నాయనా యాడ?"

"మహానందికి పోయినారప్పా. ఈ పొద్దో రేపో వస్తారు" అంది వెంకటేశ్వరమ్మ. "ముందు పుట్టినోళ్ళు ఇద్దరూ పోయినారంట గదా, పాపం. వీళ్ళను తవుడుకు అమ్మి, మొక్కు తీర్చుకోను పోయినారు."

సుంకన్న ముంత కింద పెట్టాడు.

"నేను వాళ్ళ పక్కింటోణ్ణి, ఉరుకుందమ్మకు పుట్టిందే ఇద్దరమ్మా, ఆ ఇద్దరూ నీ ఒళ్ళోనే ఉండారు."