రెండుసార్లు అచ్చయిన పాము

“ఆ పుస్తకం మూసి కాస్త పక్కన పెడతారా?” అంది డాక్టరమ్మ, నాడి మీదనుంచి వేలు తీయకుండానే.

“మూస్తే ఎలాగమ్మా? పాము ఏదో తేలాలి కదా,” అన్నాడు పుస్తకాల పెద్దమనిషి.

అంతకు కాసేపటి ముందే ఆసుపత్రి గుమ్మం ముందు ఆటో ఆగింది. ఇద్దరు దిగారు. ఒకడు బక్కపలచగా, మొహంలో నెత్తురు చుక్క లేకుండా ఉన్నాడు. మెట్టెక్కుతూనే కుప్పకూలాడు. రెండో ఆయన లావుపాటి తోలు అట్ట పుస్తకం చంకలో ఇరికించుకుని, “పాము కాటండీ. ముందు మా బావమరిదిని పట్టుకోండి,” అన్నాడు. వార్డు మనుషులు పడిపోయినవాణ్ణి స్ట్రెచర్ మీదికెత్తి అత్యవసర గదిలోకి తోసుకొచ్చారు. డాక్టరమ్మ పరుగున వచ్చేసరికి పెద్దమనిషి ఏమాత్రం తొణక్కుండా, “వాణ్ణి చూడండమ్మా, నా సంగతి తర్వాత,” అన్నాడు. ఆయన సంగతేమిటో ఆమెకి ఇట్టే అర్థమైంది. పుస్తకం.

అది తాతల నాటి పుస్తకం. విషసర్పాలన్నీ రంగు బొమ్మలై కొలువు తీరాయి అందులో. ఒక్కో బొమ్మ మీదా పలచటి కాగితం కప్పి ఉంది. ఆయన ఆ కాగితాన్ని నిద్రపోయే పసివాడి మీది దుప్పటిలా మెల్లగా తొలగించి చూపిస్తున్నాడు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినవాడు ఇలాంటివాడే అయ్యుంటాడని ఆమెకి ఒళ్ళు మండింది.

“పామును చూసిందెవరు?”

“నేనే. పాత పుస్తకాల పెట్టె వెనక ఉంది. మావాడికి పాము పేరెత్తితేనే కాళ్ళు వణుకుతాయి.”

“కాటు ఎక్కడ పడింది?”

“కుడికాలికి, మడమ పైన. చీమ కుట్టినంత. నొప్పి కూడా లేదు.”

“ఎంతసేపైంది?”

“గంట పైనే అయ్యుంటుంది. ముందు పుస్తకంలో చూద్దామని కూర్చున్నాను.”

“గంటసేపు బొమ్మలు చూశారా?”

“బొమ్మలు చాలా ఉన్నాయి కదమ్మా,” అన్నాడాయన నొచ్చుకుంటూ. “నల్లటి ఒళ్ళు, తెల్ల చారలు. ఇదిగో, ఈ బొమ్మలో మెడ దగ్గర చారలు లేవు. నేను చూసినదానికి ఉన్నాయి. కాబట్టి ఇది కాదు. ఈ పుస్తకంలో లేదంటే దానికి విషం లేదనే. తొందరపడి సూదులు పొడవకండి.”

“వైద్యం మీరు చేస్తారా, నేను చేయనా?” అంటూ ఆమె ఆయన్ని బయట బల్ల మీద కూర్చోమని తెర లాగేసింది.

లోపల నర్సు కత్తెరతో ప్యాంటు మోకాలి దాకా కోసేసింది. టార్చి వేసి కుడి మడమంతా వెతికారు. చిన్న గాటు కూడా కనబడలేదు. పోనీ కంగారులో కాలు మార్చి చెప్పాడేమోనని ఎడమకాలూ వెతికారు. అక్కడా లేదు. కొన్ని కాట్లకు గుర్తు కనబడదని డాక్టరమ్మకు తెలుసు. ఊపిరి బాగానే ఉంది. కంటిపాపలు బాగానే ఉన్నాయి. మనిషి మాత్రం కళ్ళు తెరవడం లేదు. విషానికి విరుగుడు మందు పళ్ళెంలో సిద్ధంగా ఉంది. విషలక్షణాలు లేకుండా ఇస్తే ఆ మందే ఒక్కోసారి మనిషి మీదికి తిరగబడుతుంది. ఆలస్యం చేస్తే ఊపిరే ఆగిపోవచ్చు. ఇస్తే ఒక భయం, ఇవ్వకపోతే ఒక భయం.

తెర పక్కకు జరిగి పెద్దమనిషి తల లోపలికొచ్చింది.

“వింత చూశారా డాక్టరమ్మా? ఈ బొమ్మ రెండుసార్లు అచ్చు పడింది. ఒకదాని పక్కన ఇంకోటి, నీడలాగా. ఇన్నేళ్ళుగా నా దగ్గరుంది, ఒక్కనాడూ గమనించలేదు. ఇలాంటి అచ్చుతప్పు దొరకడం చాలా అరుదు.”

ఆయన కళ్ళు సగం మూతలు పడుతున్నాయి. సొంత బావమరిది ఇక్కడ చావుబతుకుల్లో ఉంటే ఈయనకు నిద్ర ముంచుకొస్తోంది కాబోలు అనుకుందామె.

“నిద్రొస్తే వెళ్ళి పడుకోండి సార్. నా పని నన్ను చేసుకోనివ్వండి.”

తల వెనక్కి వెళ్ళింది. కాసేపటికి మంచినీళ్ళు కావాలన్నాడు. నర్సు ఇచ్చి, సణుక్కుంటూ తిరిగొచ్చింది.

“గుటక వేయడం కూడా రాదా మేడమ్ ఆ మనిషికి? నీళ్ళన్నీ చొక్కా మీదే. పుస్తకం మాత్రం ఒక్క చుక్క తడవనివ్వలేదు. తుడవడానికి నేనొకదాన్ని దొరికాను.”

“మెడ... చారలు... అమ్మా...” అని బయటినుంచి మళ్ళీ మొదలైంది. నోట్లో అన్నం ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టుంది ఆ గొంతు. డాక్టరమ్మకు తల ప్రాణం తోకకొచ్చింది.

“ఇంకొక్క మాట వినబడితే మిమ్మల్ని గేటు బయటికి పంపించేస్తాను,” అని అరిచింది.

ఇంకొక్క మాట వినబడలేదు. హమ్మయ్య అనుకుంది. ఆ నిశ్శబ్దంలో గుండె చప్పుడు నింపాదిగా విని, రక్తపోటు మళ్ళీ చూసింది. ఇందాకటికన్నా మెరుగ్గా ఉంది. పడుకున్నవాడి మొహంలోకి రంగు తిరిగొచ్చింది. రెప్పలు కదిలాయి. మెల్లగా కళ్ళు తెరిచి పైకప్పునీ, నర్సునీ, మోకాలి దాకా కోసేసిన తన ప్యాంటునీ చూసుకున్నాడు. ఇందాక తను అరిచిన అరుపులన్నీ భయంతోనేనని డాక్టరమ్మకు అప్పుడు తెలిసింది. ఈ మనిషి దక్కాడన్న సంతోషంతో ఆమె కళ్ళు చెమర్చాయి.

“మరేం భయం లేదు బాబూ, నేనున్నాను. ఆ పాము ఎక్కడ కరిచిందో ఒక్కసారి వేలు పెట్టి చూపించు,” అంది అనునయంగా.

అతను అయోమయంగా ఆమె వంక చూశాడు.

“కరిచింది మా బావని కదమ్మా,” అన్నాడు.